ఎగతాళికి సొంతవాక్యం

ఎర్రసిరా పెన్ను చేతిలోనే ఉండిపోయింది. మన్సూరాబాద్ సందులన్నీ దాటి మెయిన్ రోడ్డు కనబడేదాకా అరుణజ్యోతి ఆ సంగతే చూసుకోలేదు. మూత కూడా లేదు, చీర కుచ్చిళ్ల మీద ఎక్కడెక్కడ గీతలు పడ్డాయో. పిల్లలు ఇంకా అక్కడే కూర్చున్నారో, లేచి ఆటల్లో పడ్డారో. సకల జనుల సమ్మె మొదలై బడులన్నీ మూతపడ్డాక కాలనీ పిల్లలకు ఆమె ఉండే మేడ మీది వరండాయే బడి అయింది. ఎగతాళి అనే మాటకు అర్థం రాసి సొంతవాక్యంలో ప్రయోగించండి అని చెప్పిందా, ఒకడు చెయ్యెత్తి, టీచర్ టీచర్ మా బాబాయి నన్ను ఎగతాళి చేస్తాడు టీచర్ అన్నాడా, రోజూ చేస్తాడా, ఒక్కసారి చేశాడా, అది చూసుకుని రాయి అని ఆమె అంటూ ఉండగానే కింది నుంచి కేక. ఇంటి ఓనరు సుమిత్రమ్మది తెనాలి దగ్గర ఊరు, మెల్లగా మాట్లాడటం ఆవిడకు చేతకాదు. "అరుణా, ఒక్కసారి కిందకి రామ్మా, టీవీలో ఎవరో అచ్చం మీ ఆయన్లాగే ఉన్నాడు." దిల్‌సుఖ్‌నగర్ బస్టాండు ఎదురుగా ఆగిపోయిన తెల్లబస్సు, చుట్టూ మంది, మధ్యలో నీలంచొక్కా మనిషి, అతని భుజం మీద ఎవరో కప్పిన ఆకుపచ్చ చీర. ముఖం కనబడలేదు. బరువంతా ఎడమకాలి మీద వేసి కుడిమోకాలు కాస్త వంచి నిలబడ్డాడు, అట్లా నిలబడే మనిషి ఆమెకు తెలిసినంతలో ఒక్కడే. కింద అక్షరాలు పరుగెత్తుతున్నాయి, సమ్మెను కాదని బస్సు నడిపిన డ్రైవర్‌కు చీర, గాజులు. అంతలో సబ్బు ప్రకటన వచ్చింది. కాకపోవచ్చులేమ్మా అంది సుమిత్రమ్మ, అయ్యుంటుందన్న గొంతుతోనే. మహేందర్ ఫోన్ స్విచాఫ్. కూతురు జ్యోతికను ఆవిడ మీదికి తోసి, చెప్పుల్లో కాళ్లు పెట్టి, గేటు దాటింది. బస్సులు ఎట్లాగూ లేవు, ఆటోలు కూడా బందే. నడవాలి. కొత్తపేట, చైతన్యపురి, అన్నీ నడవాలి. తను చేరేసరికి అక్కడ మహేందర్‌లో ఏం మిగిలి ఉంటుందో.

నడుస్తుంటే మాటలు వెంటబడ్డాయి. భయం వేసినప్పుడు ఎవరికైనా దేవుడి పేర్లు వస్తాయి, ఈమెకు నిఘంటువు వస్తుంది, అదేం రోగమో. ఎగతాళి, హేళన, పరిహాసం, అపహాస్యం, గేలి, వెక్కిరింత, వేళాకోళం. పాఠ్యపుస్తకం వెనక వీటన్నిటి మధ్యా సమానం గుర్తు పెట్టి ఒక వరుసలో నిలబెడతారు. గైడు సంగతైతే చెప్పనే అక్కర్లేదు, దేన్ని అడిగినా ఎగతాళి చేయుట అని ఒకే జవాబు. రాసినవాణ్ణి నలుగురి మధ్య నిలబెట్టి ఒక్కసారి నవ్వితే తెలిసేది, అన్నీ ఒకటి కావని. వెక్కిరింత మూతితో చేసేది, నాలుక చాపి, నడక పట్టి. అది పిల్లలది, సాయంత్రానికి మరిచిపోతారు. వెటకారం గొంతులో ఉంటుంది, మాట తిన్నగానే నడిచి చివర్న కొస వంకర తిరుగుతుంది. సుమిత్రమ్మ మాటల్లో అది కూరలో ఉప్పంత, మనసులో ఏమీ ఉండదు పాపం. ఎకసెక్కం పక్కచూపుల వ్యవహారం, ఇద్దరు కూడితే గాని సాగదు. ఎద్దేవా పేపర్లో తప్ప లోకంలో ఎక్కడా లేదు, నాయకులు మాత్రమే ఒకరినొకరు ఎద్దేవా చేసుకుంటారు, ఏ ఇంట్లోనూ అత్త కోడల్ని ఎద్దేవా చేయగా ఆమె చూడలేదు. హేళన పైనుంచి కిందికి పడేది. చులకనకు మాటే అక్కర్లేదు, వచ్చిన మనిషికి కుర్చీ చూపించకపోతే చాలు. ఛీత్కారంలో ఉమ్మి తడి ఉంటుంది. గేలి మందిది, ఒక్కడివల్ల కాదు, దానికి చప్పట్లు కావాలి, ఈలలు కావాలి, చుట్టూ నిలబడే జాగా కావాలి. వీటిలో మనిషిని చంపేది ఏది? ఆ ప్రశ్న ఏ పరీక్షలోనూ రాదు. దాని పేరు తెలియకపోయినా ఆమెకు మాత్రం ఏడో తరగతి నుంచీ జవాబు తెలుసు, తెలుసు కాబట్టే ఇట్లా పరుగులాంటి నడక నడుస్తోంది.

వేళాకోళం మాత్రం వేరు. దాన్ని తెచ్చి ఆ వరుసలో నిలబెట్టినవాడికి పెళ్లి కాలేదేమో. అది వరస ఉన్నవాళ్ల మధ్య నడిచేది, బావకూ మరదలికీ, బావకూ బావమరిదికీ, మొగుడికీ పెళ్లానికీ. వరస లేనిచోట అదే మాట అంటే తన్నుకు చస్తారు, వరస ఉంటే తలుచుకుని తలుచుకుని నవ్వుకుంటారు. ఊళ్లో దాన్ని పరాష్కం అంటారు. మహేందర్ బతుకంతా పరాష్కమే. పెళ్లైన కొత్తలో ఆమె ఎంతో పద్ధతిగా మీరు భోంచేశారా అని అడిగితే అతను గబుక్కున వెనక్కి తిరిగి చూశాడు. "ఎవల్ని అడుగుతున్నవు? నా ఎన్క పెద్దసారెవలన్న నిలవడ్డడా?" ఆ దెబ్బకు మీరు పోయి నువ్వు వచ్చింది. ఆమె తెలుగు పండిట్ ట్రైనింగ్ అయిన మనిషి, అతను పదితో ఆపి స్టీరింగు పట్టినవాడు, ఆ తేడా ఎన్నడూ మింగుడు పడని ముద్ద కాలేదు, దాన్నే నంజుకుంటూ తిన్నాడు. ఆదివారం పేపరు ముందేసుకుని, "పంతులమ్మా, గీ ఎద్దేవా అంటె ఏంది, యాడ దొర్కుతది, కిలో ఎంత వడతది?" అనేవాడు. ఆమె పళ్లు కొరికేది, లోపల హాయిగా ఉండేది. ఆ మాటలు వినబడక ఎన్నాళ్లైందో. ఇల్లు బోసిపోయింది, ఫ్యాను తిరిగే చప్పుడు కూడా పెద్దగా వినబడుతోంది.

ఎల్బీనగర్ చౌరస్తాలో టెంటు కింద మైకు మోగుతోంది. రోడ్డు మధ్యన రాళ్లు పేర్చి పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నారు, పెద్ద పెద్ద గిన్నెల్లో అన్నం కుతకుతమంటోంది, పొగకు కళ్లు మండుతున్నాయి. ఇంకో పక్క ఆడవాళ్లు బతుకమ్మ చుట్టూ తిరుగుతున్నారు, పండుగ రోజులు కదా, ఈ ఏడు పండుగ కూడా రోడ్డు మీదికే వచ్చింది. మొన్న ఇదే చోట ఆమె కూడా ఆడింది. తెలంగాణ రావాలని ఆమెకు లేదా ఏంటి, మహేందర్‌కు లేదా, ధూంధాం జరిగిన ప్రతిచోటికీ పోయి గొంతు పోయేదాకా అరిచి వచ్చినవాడేగా. పొయ్యిల్లో కట్టెలు ఎగదోస్తున్న చేతుల నిండా గాజులు, ఆ గాజుల చేతులే గిన్నెలు దించుతున్నాయి, ఎండలో చప్పట్లు కొడుతున్నాయి, మరి అవే గాజులు మొగవాడి చేతికి వేస్తే చేతకానివాడని అర్థమట. ఎవరు పెట్టారో ఆ అర్థం, ఏ గైడులో ఉందో. పాటలో ఉయ్యాలో అన్నచోట అందరి అరచేతులూ ఒక్కసారి చప్పట్లు కొట్టాయి. దిల్‌సుఖ్‌నగర్‌లో కూడా ఇప్పుడు ఇట్లాగే కొడుతుంటారు, వలయంగా నిలబడి, ఇంత ఒద్దికగానూ. "టీచర్, రాండ్రి, ఒక్క సుట్టు తిరిగి పోదురు," అని ఎవరో పిలిచారు, తన దగ్గర చదివే పిల్ల తల్లి. ఆ పిలుపుకు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తల వంచుకుని నడిచింది. వాళ్లూ టీవీ చూసి ఉంటారా, ఆ డ్రైవర్ ఈమె మొగుడేనని తెలిసి ఉంటుందా, తెలిసే పిలిచారా, తెలియకా? భయం పట్టినవాళ్లకు పిలుపులన్నీ ఒకేలా వినబడతాయి.

నాయిన కూడా చప్పట్ల మధ్యే మొదలయ్యాడు. మట్టయ్య, చిట్యాల అవతల ఊరు, అర ఎకరం చెలక, ఎవరితోనూ పొల్లుమాట లేని మనిషి. వార్డు మెంబరుకు నిలబడవే మట్టన్నా అని నలుగురు కూడి మునగచెట్టెక్కించారు, చప్పట్లు కొట్టారు, ఎక్కాడు. లెక్కపెట్టినప్పుడు ఒక్క ఓటు వచ్చింది. అదీ తనది కాదు. చెయ్యి వణికి రెండు గుర్తుల మధ్య గీత మీద ముద్ర గుద్దాడు, తన ఓటు తనకే చెల్లలేదు. ఆ ఒక్కటీ అమ్మది. ఊరికి ఈ వివరాలతో పనేంటి, దానికి ఒక్కటే తెలుసు. ఎవరూ పల్లెత్తు మాట అనలేదు, అదే వింత, తిడితే తిట్టేవాడు, కొడితే కొట్టేవాడు. ఎదురుపడితే ఒక వేలు పైకెత్తి చూపించేవాళ్లు, అంతే. కల్లు దగ్గర ఒక వేలు, పెళ్లి పందిట్లో ఒక వేలు, చావు దగ్గర కూడా పాడె మోస్తూ ఎవడో ఒక వేలు. బడిలో సారు బోర్డు మీద ఒకటి అంకె వేస్తే తరగతి మొత్తం ఆమె వైపు తిరిగి కిలకిల. దీనికి ఏ మాట వాడాలో ఆమెకు ఇప్పటికీ తెలియదు, అన్ని నిఘంటువులూ తిరగేసింది. నాయిన మొదట్లో మండిపడ్డాడు. తర్వాత తల దించుకున్నాడు. ఆ తర్వాత నవ్వడం మొదలుపెట్టాడు. కంచం ముందు కూర్చుని అన్నంలోకి చూసి నవ్వేవాడు. పోనీలే మనిషి తేరుకున్నాడని అమ్మ సంబరపడింది, ఆ పూట కోడిగుడ్డు కూడా వండింది. ఒకనాడు పొద్దున ఈమె జడ అల్లుకుంటుంటే గడప దగ్గర ఆగి, తనే తన వేలు ఒకటి ఎత్తి చూపించి, నవ్వి, చెలక దిక్కు పోయాడు. మధ్యాహ్నానికి బావి చుట్టూ జనం. ఆ జనం కూడా వలయంగానే నిలబడి ఉన్నారు.

తల్లిగారిల్లంటే ఆమెకు మిగిలింది ఆ బావి. అన్నదమ్ములు లేరు, అమ్మ కూడా ఎక్కువ కాలం ఉండలేదు, నాయిన తరఫు పాలోళ్లు పెళ్లి చేసి చేతులు దులుపుకున్నారు. బతుకమ్మ వచ్చిందంటే ప్రతి ఇంటి ఆడబిడ్డకూ పుట్టింటి నుంచి చీర, గాజులు వస్తాయి, వీలున్నప్పుడు పిలిచి ఒడిబియ్యం పోస్తారు, కొంగులో బియ్యం, కొబ్బరి కుడుకలు, పసుపు కొమ్ములు, కొంగు కిందికి దిగేంత బరువు. పక్కింటివాళ్లు ఆ బరువు మోయలేనట్టు వంగి వంగి నడుస్తుంటే చూసేది. తనకు ఎవరు పోస్తారు? మహేందరే మదీనా బజారు దాకా పోయి గాజులు తెచ్చి, "తీస్కో, నీ అన్న పంపిండు, పేరడిగితే చెప్పలే, మస్తు బిజీ అట," అనేవాడు. ఈ ఏడు తేలేదు. ఈ ఏడు అతనికి పండుగ గుర్తు కూడా లేదు.

ఎందుకు నడిపాడు బండి? ఎన్నిసార్లు తలపోసినా తప్పు అతనిదని తేలదు, కాదనీ తేలదు. ట్రావెల్స్ ఓనరు రామమోహనరావు బస్సులు అంతకుముందు కంపెనీల ఉద్యోగుల్ని చేరవేసేవి. సిటీ బస్సులు సమ్మెలోకి పోగానే ఆయన వాటిని ఎల్బీనగర్ నుంచి కోఠీకి తిప్పించాడు. తీస్తావా, తాళంచెవి అక్కడ పెట్టి వెళ్లిపోతావా అన్నాడట, అంత మెత్తగానూ. మహేందర్ తాళంచెవి పెట్టలేకపోయాడు. బండి లేని డ్రైవరంటే ఇంక ఏముందని. దవాఖానకు పోయే ముసలివాళ్లు ఎక్కుతున్నారు, వాళ్లు ఎట్ల పోవాలె అని తనకు తనే సర్దిచెప్పుకునేవాడు, చెప్పుకున్నంతసేపూ నేల చూపులే. రింగురోడ్డు చాయ్ హోటల్ దగ్గర మహేందరన్నా అని పిలిచేవాళ్లు ఇతను కనబడగానే నోటితో హారన్ కొట్టడం మొదలుపెట్టారు, పీప్ పీప్. మొదట్లో ఇతనూ తిరిగి పీప్ అన్నాడు, పరాష్కం అనుకున్నాడు. వరస తెగిపోయిందని తెలియడానికి కొన్నాళ్లు పట్టింది. తర్వాత ఆ హోటల్ వైపు పోవడం మానేశాడు, చుట్టు తిరిగి సందుల్లోంచి వచ్చేవాడు. మొన్న అన్నం వడ్డిస్తుంటే కంచంలోకి చూసి నవ్వాడు. ఆమె చేతిలోంచి పప్పుగరిటె జారి కింద పడింది. "ఏమైంది?" అన్నాడు. ఏమీ లేదంది. ఏమని చెబుతుంది, ఆ నవ్వు నేనెరుగుదును అనా? ఈ పొద్దున చొక్కా గుండీలు పెట్టుకుంటుంటే కావాలని, గాలానికి ఎర గుచ్చినట్టు, "మీరు భోంచేసి వెళ్లండి," అంది. వెనక్కి తిరిగి చూస్తాడు, ఏ సారును పిలుస్తున్నవు అంటాడు, అననీ దేవుడా, ఒక్క మాట. మహేందర్ సరే అన్నాడు. సరే అని, ఇడ్లీ సగం తిని, ఆమె వైపు చూసి నవ్వి, పోయాడు. గడప దగ్గర ఆగి నవ్వాడా, లోపలే నవ్వాడా? గడప దగ్గరేనేమో. అప్పుడే వెంటపడి చొక్కా పట్టుకుని ఆపాల్సింది. పిల్లలు వస్తున్నారని చాపలు పరుస్తూ ఉండిపోయింది.

కొత్తపేటలో కుడిచెప్పు ఉంగటం తెగింది. కాసేపు ఈడ్చుకుంటూ నడిచి, తర్వాత రెండూ విప్పి చేత పట్టుకుంది, ఆ తర్వాత ఎక్కడో పడేసింది కూడా. తారురోడ్డు చుర్రుమంటోంది. రోడ్డు పక్కన గునుగుపూలు, తంగేడుపూలు కుప్పలు పోసుకుని అమ్ముతున్నారు, తల్లీ తీసుకో తల్లీ అంటున్నారు. దుకాణాల షట్టర్లు సగం దించి ఉన్నాయి, లోపలి నుంచి కళ్లు చూస్తున్నాయి. కాళ్లకు చెప్పుల్లేవు, చేతిలో మూతలేని పెన్ను, ఎవరైనా చూసి నవ్వితే నవ్వనీ. చిన్నప్పటి నుంచి నవ్వుకు భయపడి బతికింది, నడిరోడ్డు మీద నడవకుండా గోడవారన నడిచింది, బడిలో గొంతు పెంచకుండా పాఠం చెప్పింది, పుస్తకంలో మాట తప్ప నోటికి రానీయలేదు, ఊరి మాట వస్తే ఎవరు నవ్వుతారోనని. ఇప్పుడు రోడ్డు మధ్యన పోతోంది. చైతన్యపురి దగ్గర ఇద్దరు కుర్రవాళ్లు ఎదురొచ్చారు. "మస్తు మజా అయితున్నదిరా ఆడ," అంటున్నాడు ఒకడు. రెండోవాడు, "ఇంక గాజులు తొడగలే, అన్న ఇంటికాడికెంచి పళ్లెం తెప్పిస్తున్నడట." ఇంకా తొడగలేదు. ఇంకా. ఆమె చీర ఎత్తి పట్టుకుని పరుగెత్తింది. నాయిన బావి దగ్గరికి కూడా ఇట్లాగే పరుగెత్తింది, జడ సగం అల్లుకుని.

బస్సు రోడ్డుకు అడ్డంగా ఒరిగి ఉంది, టైర్లలో గాలి తీసేశారు. పోలీసుల వ్యాను ఇంకా వచ్చినట్టు లేదు. మంది వీపులు, వీపుల అవతల నవ్వులు. జర జరగండి అంటోంది గాని గొంతు బయటికి రావడం లేదు, చంకల కిందినుంచి దూరింది. మహేందర్ బస్సు మెట్టుకు నడుం ఆనించి నిలబడ్డాడు, భుజం మీది చీర జారకుండా ఎవరో పిన్నీసు కూడా పెట్టారు. ఎవరూ చెయ్యి చేసుకోలేదు, చొక్కా నలగలేదు. కొట్టినా బాగుండేది అనిపించింది ఆమెకు, దెబ్బలకు దవాఖాన ఉంది. చేతులు రెండూ వెనక దాచుకున్నాడు. ఎదురుగా పళ్లెం పట్టుకున్న మనిషిని అందరూ జంగన్నా జంగన్నా అంటున్నారు. జంగయ్య సమ్మెలో ఉన్న కండక్టరు, తల నెరిసినవాడు, మెడలో కండువా. "చెయ్యి సాపు బిడ్డా," అంటున్నాడు, "సిగ్గువడితె ఎట్ల? కొత్త పెండ్లికూతురు కూడ గింత సిగ్గువడది." గొల్లుమంది మంది. కెమెరా అతను, అన్నా జర ఇటు తిరుగు అన్నాడు. మహేందర్ కెమెరా దిక్కు తిరిగాడు. నవ్వుతున్నాడు. కంచంలోకి చూసి నవ్విన నవ్వే, గడప దగ్గరి నవ్వే.

ఆ నవ్వు చూశాక ఇంక దాని వైపు చూడలేకపోయింది. కళ్లు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక పళ్లెం చూసింది. పళ్లెంలో ఎర్రగాజులు, పసుపు, కుంకుమ, జాకెట్ ముక్క, తమలపాకులు, వక్కలు. ఎగతాళికి ఇన్ని ఎందుకు? ఆ ఇంటి ఆడమనిషి ఎవరో గాని పళ్లెం బోసిగా పంపడానికి చేతులు రాక, అలవాటు కొద్దీ ఒక్కటీ మరవకుండా సర్దింది. పండుగకు పుట్టింటి నుంచి వచ్చే పళ్లెమే అది, అచ్చంగా అదే. తన ముందుకు ఎన్నడూ రాని పళ్లెం. ఆ తర్వాత చేసింది ఆలోచించి చేసింది కాదు. ధైర్యమూ కాదు, ధైర్యమైతే పళ్లు టకటకా కొట్టుకుంటాయా. మహేందర్‌కూ జంగయ్యకూ మధ్యలోకి పోయి నిలబడి రెండు చేతులూ చాపింది, పెన్నుతో సహా.

"నాకు పెట్టన్నా."

"నువ్వెవలమ్మా?"

"మాది చిట్యాల దిక్కు." బడిలో మాట్లాడే తెలుగు ఎటు పోయిందో, చిన్ననాటి మాటే నోట్లోకి వచ్చింది. "నాకు అన్నదమ్ములు లేరు. మా నాయిన పోయినంక పండుగకు తల్లిగారి గాజులు పెట్టినోళ్లు లేరు. ఆడిబిడ్డకు తెచ్చే పళ్లెం తెచ్చి మొగోని ముందట వట్టుకున్నరు. అది నాకు పెట్టుండ్రి. నేను ఈయన పెండ్లాన్ని."

వెనక ఎవడో ఈల వేశాడు, నోర్మూయిరా అని ఇంకెవరో అన్నారు. జంగయ్య ఆమె చేతులు చూశాడు, పెన్ను చూశాడు, చెప్పుల్లేని కాళ్లు చూశాడు, తన చేతిలోని పళ్లెం తనే కొత్తగా చూశాడు. వెక్కిరించడానికి తెచ్చినా పసుపు పసుపే, కుంకుమ కుంకుమే. దాని ముందు అన్నా అని చెయ్యి చాపిన ఆడదాన్ని పొమ్మని బతుకమ్మ ఆడే ఊళ్లో పుట్టినవాడెవడూ అనలేడు, అంటే ఇంటికి పోయి ఆ పళ్లెం సర్దినామెకు ఏం చెప్పుకుంటాడు. "పెన్ను పక్కకు వెట్టు సెల్లె," అన్నాడు, గొంతు బాగా తగ్గించి. గాజులు తొడగడం అతనికేం వచ్చు, టికెట్లు చింపే చేతులు. ఒకటి ఎక్కింది, ఒకటి ఎక్కింది, మూడోది మణికట్టు ఎముక దగ్గర పటుక్కుమంది, రక్తం బొట్టు కట్టింది. అరెరె పగిలె అన్నాడు ఎవడో, పూలమ్మే ముసలమ్మ ఒకామె వాణ్ణి గదిమింది. "పగిలె అంటరారా? గాజు పగిలితె పెరిగింది అనాలె." జంగయ్య నాలుగోది పట్టుకుని ఎటు తొడగాలో తెలియక ఆగాడు. ముసలమ్మే ముందుకొచ్చి మిగతావి ఒడుపుగా ఎక్కించింది, రక్తం మీద పసుపు అద్దింది. జంగయ్య మహేందర్ దగ్గరికి పోయి పిన్నీసు తీశాడు, చీర మడిచి, పళ్లెంలో పెట్టి, ఆమె చేతికిచ్చి, మళ్లీ అతని వైపు తిరిగాడు.

"బావా," అన్నాడు. ఆ మాట అనేశాక మెడలో కండువా సర్దుకున్నాడు. "రేపటిసంది బండి తియ్యకు బావా. గంతే."

మళ్లీ నవ్వారు, జై తెలంగాణ అన్నారు, బావకు చాయ్ తాపుండ్రి అని ఎవడో అరిచాడు. ఆ నవ్వును ఏమనాలో అరుణజ్యోతికి తెలియలేదు. బావ అన్నాక దాని పదును కాస్త మొద్దుబారింది, అంతా పోయిందనీ చెప్పలేం. కెమెరా అతను భుజం మీది నుంచి కెమెరా దించి మూత పెట్టుకున్నాడు. మహేందర్ చేతులు ఇంకా వెనకే ఉన్నాయి. ఆమె వెనక్కి పోయి ఒక చెయ్యి వెతికి పట్టుకుని లాగింది, చిన్నపిల్లవాడిలా వచ్చాడు.

తిరుగుదారి. పళ్లెంలోనివన్నీ చీరలో మూట కట్టి చంకన పెట్టుకుంది, పళ్లెం జంగయ్యకే ఇచ్చేసింది. మహేందర్ పక్కన నడుస్తున్నాడు. ఆమె అతని మూతి వైపే చూస్తోంది. నవ్వడం లేదు. నవ్వకపోవడం మంచిదేనా? నాయిన నవ్వే ముందు కూడా కొన్నాళ్లు ఇట్లా ఏమీ లేకుండా ఉండేవాడు కదా. అయిపోలేదు, అయిపోయిందనుకున్న అమ్మ కోడిగుడ్డు వండింది. ఈ రాత్రి నిద్రపోకూడదు. తలుపు గొళ్లెం దగ్గర చాప వేసుకుని పడుకుంటే? రేపు పగలు? ఎల్లుండి? మనిషిని ఎన్నాళ్లు కొంగున కట్టుకుని తిరుగుతుంది, బడి తెరిస్తే తను పోవాలి, బండి లేని మనిషి ఇంట్లో ఒక్కడే ఉండాలి, టీవీ పెడితే మళ్లీ చూపిస్తారేమో, పీప్ పీప్ అనేవాళ్లు ఇంక ఏమంటారో, చెయ్యెత్తి గాజులు చూపించినట్టు మణికట్టు తిప్పుతారేమో, మాట కూడా అక్కర్లేకుండా, వేలు ఎత్తినట్టే. ఈ ఊళ్లో బావులు లేవు, ఆ ఒక్క మాటా పదే పదే అనుకుంది, లేకపోతే మాత్రం ఏం. చైతన్యపురి దాటారు. "మీకు దాహం వేస్తోందా?" అని అడిగింది, పుస్తకంలో మాట, పొద్దుటి ఎరే మళ్లీ గుచ్చి. అతను తల అడ్డంగా ఊపాడు. అంతే, ఊపాడు. ఆమె అతని చొక్కా అంచు గుప్పిట పట్టుకుంది, దారిన పోయేవాళ్లు చూస్తున్నా వదల్లేదు.

కొత్తపేట పూల కుప్పల దగ్గర అతను ఆగిపోయాడు. ఎందుకు ఆగాడో అని ఆమె గుప్పిట ఇంకా బిగించింది. మహేందర్ ఆమె కాళ్ల వైపు చూశాడు, చెప్పులేవి అన్నట్టు. తర్వాత చేతి గాజుల వైపు. తర్వాత చంకలో మూట వైపు.

"అరుణా."

"ఊఁ."

"గాజులు వెట్టిండు, చీరె వెట్టిండు, బాగనే ఉన్నది." గొంతు బొంగురుపోయి ఉంది, ఎన్నాళ్లుగానో వాడనట్టు. "మరి మీ అన్న ఒడిబియ్యం ఎప్పుడు పోస్తడట? అడిగినవా లేదా పంతులమ్మా?"

ఆమె ఫుట్‌పాత్ అంచు మీద కూలబడి, మూట ఒళ్లో పెట్టుకుని, పెద్దగా ఏడ్చింది. నాయిన బావి దగ్గర కూడా అంత పెద్దగా ఏడవలేదు. పూలమ్మేవాళ్లు తలలు ఎత్తి చూశారు, సగం దించిన షట్టర్ల కింది నుంచి ముఖాలు వంగి చూశాయి.

"ఏందే, పరాష్కానికన్న. ఏడుస్తవేంది? లెవ్వు, మంది జూస్తున్నరు."

"చూడనీ," అంది. "ఇంకోపారి అను."

మహేందర్ అటూ ఇటూ చూసి, ఆమె పక్కన కూర్చుని, మళ్లీ మొదటి నుంచీ అన్నాడు. ఒడిబియ్యం దాకా వచ్చేసరికి చేత్తో కళ్లు తుడుచుకున్నాడు, అయినా ఆపకుండా పూర్తి చేశాడు.